అనిశ్చితి ఉండగా వాతావరణ మార్పుపై చర్య తీసుకోవాలా, ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. భూమి ఎంత వేడెక్కుతుందో శాస్త్రవేత్తలే ఒక్క అంకెగా చెప్పలేకపోతున్నారు, వారి కంప్యూటర్ నమూనాలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరడం లేదు. ఉద్గారాలను తగ్గించడానికయ్యే ఖర్చు మాత్రం ఈరోజే, కచ్చితంగా భరించవలసి వస్తుంది. అలాంటప్పుడు మరో పదేళ్లు ఆగి, లెక్కలు తేలాక నిర్ణయం తీసుకోవడం వివేకం కాదా అని మీరు అడుగుతున్నారు. నేను విద్యుత్ రంగ ప్రణాళికల్లో చాలాకాలం పనిచేసినవాణ్ని. పదేళ్ల తర్వాత గిరాకీ ఎంతుంటుందో తెలియని స్థితిలో, నలభై ఏళ్లు నడవవలసిన కేంద్రాల గురించి నిర్ణయాలు తీసుకోవడమే ఆ పని. కనుక ఈ ప్రశ్నను శాస్త్రవేత్తగా కాక, అరకొర సమాచారంతో సంతకం పెట్టవలసినవాడిగా చూస్తాను. అనిశ్చితి నిజమేనని ఒప్పుకుంటూనే, అది ఆగడానికి కారణం కాలేదని నా అభిప్రాయం. ఏ పని వెంటనే మొదలుపెట్టాలి, ఏది ఆచితూచి చేయాలి, దేని జోలికి పోకూడదు అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఆ అనిశ్చితి బాగా పనికొస్తుంది.

ముందుగా, సందేహం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో విడదీసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్నది జాన్ టిండల్ 1859లో మొదలుపెట్టిన ప్రయోగాల నాటి నుంచి తెలిసిన విషయం. ఆ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వాంటే అర్హేనియస్ 1896లోనే చేత్తో లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద కొలవడం ప్రారంభించినప్పుడు గాలిలో దాని మోతాదు సుమారు 315 పీపీఎం, అంటే గాలిలోని ప్రతి పది లక్షల భాగాల్లో 315. పారిశ్రామిక యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటింది. పెరిగినది శిలాజ ఇంధనాల నుంచి వచ్చిందేనని గాలిలోని కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల) నిష్పత్తి చూపిస్తోంది. కింది వాతావరణం వేడెక్కుతుండగా పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చల్లబడడం కూడా ఈ వాయువుల ప్రభావానికి గుర్తే, ఎందుకంటే సూర్యుడి తీవ్రత పెరగడమే కారణమైతే రెండూ వేడెక్కి ఉండేవి. ఈ భాగంలో వాదనకు చోటు లేదు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

అసలు సందేహం ఉన్నది, ఎంత అన్న దగ్గర. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపై, ఆ తర్వాత వాతావరణం కుదుటపడే నాటికి సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో దాన్ని వాతావరణ సున్నితత్వం అంటారు. 1979లో జూల్ చార్నీ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ అది 1.5 నుంచి 4.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందని చెప్పింది. 2013లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన శాస్త్రీయ సంఘం, తన ఐదవ నివేదికలో ఇచ్చిన పరిధి కూడా అచ్చంగా అదే. 2021లో వచ్చిన ఆరవ నివేదికకు గాని అది 2.5 నుంచి 4 డిగ్రీలకు కుదించుకోలేదు. అందులో మధ్య అంచనా 3 డిగ్రీలు.

ఈ చరిత్రను నేను పనిగట్టుకుని చెప్పడానికి కారణముంది. లెక్కలు తేలేదాకా ఆగుదామన్న సలహా 1979లో కూడా ఇంతే సబబుగా వినిపించి ఉండేది. ఆ సలహా పాటించినవాడు నాలుగు దశాబ్దాలు ఎదురుచూసి ఉంటే, అతనికి దక్కిన ఫలితం పరిధి కొంత ఇరుకు కావడం, అదీ ప్రధానంగా ఊరటనిచ్చే కింది చివర చెరిగిపోవడం. ఈలోగా గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 337 పీపీఎం నుంచి 416కి చేరింది. 1850 నుంచి 2019 వరకు మానవులు విడుదల చేసిన మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో 42 శాతం చివరి ముప్పై ఏళ్లలోనే వెలువడింది. సమాచారం కోసం ఆగడం మంచిదే, కానీ ఆ సమాచారం ఎప్పటికి వస్తుంది, దానికోసం ఏం చెల్లిస్తున్నాం అని అడగకుండా ఆగితే అది పద్ధతి అనిపించుకోదు.

త్వరగా తేలకపోవడానికి కారణాలు కూడా దాపరికం లేనివే. సముద్రాల మీద తక్కువ ఎత్తులో పరుచుకునే మేఘాలు వేడి పెరిగితే పలచబడతాయా, ఎంత పలచబడతాయి అన్నది నమూనాల మధ్య తేడాలకు అన్నిటికంటే పెద్ద మూలం. రెండోది, బొగ్గు, చమురు మండించినప్పుడు వెలువడే గంధక కణాలు సూర్యకాంతిని వెనక్కి పంపి కొంత వేడిని ఇంతకాలం కప్పిపుచ్చాయి. ఆరవ నివేదిక ప్రకారం ఈ కప్పిపుచ్చిన భాగం దాదాపు సున్నా నుంచి 0.8 డిగ్రీల వరకు ఎంతైనా కావచ్చు. ఊపిరితిత్తుల ఆరోగ్యం కోసం ఆ కాలుష్యాన్ని ఎలాగూ తొలగిస్తాం, తొలగించినకొద్దీ దాగిన వేడి బయటపడుతుంది. ఇవి పరిశోధకుల అలసత్వం వల్ల మిగిలిన ఖాళీలు కావు. భూమి స్పందన మెల్లగా బయటపడుతుంది గనుక కొలతలకూ దశాబ్దాలు పడతాయి.

నమూనాల మధ్య తేడాలున్నంత మాత్రాన అవి పనికిరానివి అనుకోవడం కూడా తొందరపాటే. 1970 నుంచి 2007 మధ్య ప్రచురితమైన 17 ఉష్ణోగ్రత అంచనాలను 2020లో ఒక అధ్యయనం వాస్తవ కొలతలతో పోల్చింది. ఉద్గారాలు అనుకున్నదానికంటే ఎక్కువ తక్కువలైన మేరకు సవరించి చూస్తే వాటిలో 14 అంచనాలు వాస్తవంతో సరిపోయాయి. విద్యుత్ గిరాకీ అంచనాలు ఇందులో సగం నమ్మకంగా ఉండి ఉంటే మా పని ఎంతో తేలికయ్యేదని చెప్పక తప్పదు.

ఇప్పుడు చాలామంది గమనించని విషయానికి వస్తాను. అనిశ్చితి అనగానే, అనుకున్నదానికంటే మేలు జరగడానికీ కీడు జరగడానికీ సమానమైన అవకాశం ఉందని, ఒకదాన్ని మరొకటి కొట్టివేస్తుందని మనసులో లెక్క వేసుకుంటాం. ఇక్కడ అలా లేదు. ఇతర మార్పులేవీ తోడు కాకపోతే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు వల్ల ఉష్ణోగ్రత సుమారు 1.2 డిగ్రీలే పెరుగుతుంది. అయితే వేడెక్కిన గాలిలో నీటి ఆవిరి పెరుగుతుంది, మంచు కరిగి నేల నల్లబడుతుంది, మేఘాలు మారతాయి, ఇవన్నీ కలిసి ఆ వేడిని హెచ్చిస్తాయి. ఈ హెచ్చింపు బలాన్ని 0.6 అనుకుంటే, 1.2ను 1 నుంచి 0.6 తీసేయగా మిగిలిన 0.4తో భాగించాలి, ఫలితం 3 డిగ్రీలు. అదే బలం 0.5 అయితే 2.4 డిగ్రీలు, 0.7 అయితే 4 డిగ్రీలు. అంటే మన అంచనా రెండు వైపులా సమానంగానే తప్పినా, ఒకవైపు 0.6 డిగ్రీలు తగ్గితే మరోవైపు ఒక డిగ్రీ పూర్తిగా పెరుగుతుంది. దీనికి తోడు, నష్టం ఉష్ణోగ్రతతో పాటు సమానపు అంగలతో పెరగదు. పంటలకు, మనిషి శరీరానికి, మురుగు కాలువకు, ఆనకట్టకు ఒక్కొక్కదానికి ఒక తట్టుకునే హద్దుంటుంది, ఆ హద్దు దాటాక చేరే ప్రతి అర డిగ్రీ అంతకు ముందరి అర డిగ్రీ కంటే బరువైనది. ఈ రెండూ కలిపి చూస్తే, పరిధి ఎంత వెడల్పుగా ఉంటే సగటు నష్టం అంత ఎక్కువ. నిశ్చయంగా 3 డిగ్రీలు అని తెలిసిన లోకం కంటే, 2 నుంచి 5 మధ్య ఏదైనా కావచ్చునన్న లోకంలోనే జాగ్రత్త పడవలసిన అవసరం హెచ్చు. ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ 2009లో ఈ వాదనను గణితంలో అంచుదాకా తీసుకువెళ్లి, అరుదైన పెనునష్టాలే మొత్తం లెక్కను శాసించగలవని చూపాడు. అంత దూరం పోవలసిన పని లేదని నేననుకుంటాను, కానీ ఆయన చూపిన దిశ సరైనదే.

ఆగడానికయ్యే ఖర్చు సంగతి చూద్దాం. దీన్ని మీరు స్వయంగా లెక్క కట్టవచ్చు. ఆరవ నివేదిక ప్రకారం, ప్రతి లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు భూమి దాదాపు 0.45 డిగ్రీలు వేడెక్కుతుంది. పరిధి చెప్పాలంటే 0.27 నుంచి 0.63. ప్రస్తుతం ఏటా వెలువడుతున్నది సుమారు 4,000 కోట్ల టన్నులు. పదేళ్లు ఇదే వేగంతో సాగితే 40,000 కోట్ల టన్నులు, అంటే మధ్య అంచనాతో 0.18 డిగ్రీలు, పరిధితో చూస్తే 0.11 నుంచి 0.25. మీరు సూచించిన పదేళ్ల నిరీక్షణకు ధర ఇది, అందులో అనిశ్చితి అంతా లెక్కలోకి వచ్చేసింది. మనం విడిచిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం గాలిలో వేల ఏళ్లు నిలిచి ఉంటుంది కనుక, పదేళ్ల తర్వాత భయాలు నిజమని తేలినా ఆ 0.18 డిగ్రీలను వాపసు తెచ్చుకునే తేలిక మార్గం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కనీసం మంట కొంత చల్లారుతుందేమో, ఇక్కడ ఆ పాటి ఊరట కూడా లేదు.

పైగా ఆ పదేళ్లలో మనం చేతులు ముడుచుకుని కూర్చోము. కొత్త బొగ్గు కేంద్రాలు, ఉక్కు కొలుములు, భవనాలు, రహదారులు కడుతూనే ఉంటాం. వాటిలో ప్రతి ఒక్కటీ ముప్పై నలభై ఏళ్ల ఉద్గారాలను ముందుగానే రాసి ఇస్తుంది. ఒకసారి అప్పు తెచ్చి, కార్మికులను పెట్టుకుని, ఇంధన ఒప్పందాలు కుదిరాక, దాన్ని మధ్యలో మూయించడం ఎంత కష్టమో ప్రణాళిక పనిలో ఉన్నవారికి తెలుసు. లెక్కలు తేలాక నిర్ణయిద్దాం అన్నవారు ఆ కట్టడాలను కూడా లెక్కలు తేలేదాకా ఆపితే వారి వాదనలో పొందిక ఉండేది.

మీ ప్రశ్నలో మరో సగం ఖర్చు గురించి. ఖర్చు కచ్చితం, ప్రయోజనం మాత్రమే అనిశ్చితం అన్నారు. చరిత్ర దీన్ని సమర్థించదు. 2010 నుంచి 2019 మధ్య సౌర విద్యుత్ సగటు వ్యయం 85 శాతం, పవన విద్యుత్ వ్యయం 55 శాతం, లిథియం అయాన్ బ్యాటరీల వ్యయం 85 శాతం తగ్గాయని ఐపీసీసీ నమోదు చేసింది. ఈ రంగంలో ఉన్న మాలో చాలామంది ఇంత పతనాన్ని ఊహించలేదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ ధరలు కాలం గడిచినందువల్ల వాటంతటవి తగ్గలేదు. కొన్ని దేశాలు ఖరీదైన రోజుల్లోనే కొనడం, కర్మాగారాలు పెరగడం, తయారీలో అనుభవం పోగుపడడం వల్ల తగ్గాయి. చౌక అయ్యాక కొంటామని అందరూ ఆగి ఉంటే అవి చౌక అయ్యేవే కావు. కాబట్టి ఖర్చు వైపున్న అనిశ్చితి కూడా, కొంత మేరకైనా, ముందడుగు వేసినవాడికే అనుకూలంగా తేలుతుంది. ఇది అన్ని రంగాలకూ వర్తిస్తుందని చెప్పను. సిమెంటు, ఎరువులు, విమానయానం ఇంకా ఖరీదైన చిక్కులే.

ఆర్థికవేత్తల మధ్య విభేదాలున్నాయి కదా అని కొందరు గుర్తుచేస్తారు. ఉన్నాయి, కానీ అవి దేని గురించో చూడాలి. 2006లో నికొలస్ స్టెర్న్ నివేదిక భవిష్యత్ నష్టాలను సుమారు 1.4 శాతం డిస్కౌంట్ రేటుతో, అంటే ఏడాదికి అంత చొప్పున విలువ తగ్గించుకుంటూ, నేటి విలువకు మార్చింది. విలియం నార్డ్‌హౌస్ మార్కెట్ రాబడులను ఆధారం చేసుకుని అంతకంటే చాలా ఎక్కువ రేటు వాడాడు. నూరేళ్ల తర్వాత జరిగే 100 రూపాయల నష్టం 1.4 శాతం రేటుతో నేడు 25 రూపాయలవుతుంది, 4.5 శాతం రేటుతో రూపాయి చిల్లర అవుతుంది. ఈ ఒక్క అంకె ఎంపిక, వాతావరణ శాస్త్రంలోని సందేహాలన్నిటికంటే ఎక్కువగా ఫలితాన్ని మార్చేస్తుంది, పైగా అది ఏ ఉపగ్రహమూ కొలిచి చెప్పగలది కాదు. రాబోయే తరాల నష్టాన్ని మనం ఎంత తూకం వేస్తామన్న విలువల ప్రశ్న. అయినా, 2018లో నోబెల్ అందుకున్న నార్డ్‌హౌస్ కూడా కర్బనంపై పన్ను ఇప్పుడే మొదలుపెట్టి క్రమంగా పెంచాలనే వాదించాడు. వారి తగవు ఎంత, ఎంత వేగంగా అన్న దాని మీద నడిచింది తప్ప, మొదలుపెట్టాలా వద్దా అన్న దాని మీద కాదు.

సందేహాల మధ్య పనిచేసిన అనుభవం ప్రపంచానికి లేకపోలేదు. ఓజోన్ పొర కథ ఇక్కడ వివరంగా చూడదగినది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు అనే రసాయనాలు ఓజోన్‌ను నాశనం చేయగలవని మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 1974లో ప్రతిపాదించారు. తర్వాతి పదేళ్లలో సందేహం తగ్గుతున్నట్టే, అదీ ఊరటనిచ్చే దిశలో తగ్గుతున్నట్టే కనిపించింది: అమెరికా నేషనల్ అకాడమీ అంచనా 1979లో సుమారు 16 శాతం నష్టం అని ఉండగా, 1984 నాటికి 2 నుంచి 4 శాతానికి దిగివచ్చింది. మరుసటి ఏడాదే, 1985 మేలో, అంటార్కిటికా మీద ఓజోన్ వసంతకాలంలో దారుణంగా పలచబడుతోందని బ్రిటిష్ పరిశోధకులు ప్రకటించారు. ఏ నమూనా దాన్ని ముందుగా చెప్పలేదు, ఎందుకంటే ధ్రువ ప్రాంతపు మంచు మేఘాల కణాల మీద జరిగే రసాయన చర్యలు వాటిలో లేనే లేవు. నమూనాలు తప్పవచ్చునని అనేవారితో నేను ఏకీభవిస్తాను. అయితే తప్పినప్పుడు ఎటువైపు తప్పాయో కూడా చూడమంటాను.

1987 సెప్టెంబరులో మాంట్రియల్ ఒప్పందంపై సంతకాలు జరిగేటప్పటికి ఓజోన్ పొరలోని ఆ రంధ్రానికి కారణం ఈ రసాయనాలేనన్న తిరుగులేని రుజువు ఇంకా అందరి చేతికీ రాలేదు. అంటార్కిటికా మీద విమానాలతో జరిపిన పరీక్షల ఫలితాలు ఆ తర్వాతే వెలువడ్డాయి. సంతకం చేసినవారు సందేహాన్ని దాచలేదు, ఒప్పందంలోనే దానికి చోటు కల్పించారు: మొదట ఉత్పత్తిని సగానికి తగ్గించాలన్న మధ్యస్థ లక్ష్యం పెట్టుకుని, శాస్త్రీయ సమీక్ష నిర్ణీత కాలానికి ఒకసారి జరగాలని, దాని ప్రకారం లక్ష్యాలను సవరించుకోవచ్చునని రాసుకున్నారు. రుజువులు బలపడగానే 1990లో లండన్‌లో పూర్తి నిషేధానికి, 1992లో కోపెన్‌హాగన్‌లో గడువు ముందుకు జరపడానికి ఒప్పుకున్నారు. ఒకవేళ భయాలు తప్పని తేలి ఉంటే అదే ఏర్పాటుతో వెనక్కి తగ్గే వీలూ ఉండేది. అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి చేరుతుందని 2022 సమీక్ష అంచనా. శిలాజ ఇంధనాలు ఆర్థిక వ్యవస్థలో అల్లుకుపోయినంతగా ఆ రసాయనాలు అల్లుకోలేదు, కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టను. ఆ ఒప్పందం నిర్మాణాన్ని మాత్రం నేర్చుకోదగినదిగా భావిస్తాను.

ఇంతవరకు చెప్పినది విని, అయితే పర్యావరణం పేరుతో ఏ పథకం వచ్చినా తలూపాలన్నమాట అనుకోకండి. అనిశ్చితి కొన్ని చర్యలకు వ్యతిరేకంగా కూడా బలంగా సాక్ష్యం చెబుతుంది. యూరప్ 2009లో వాహనాల ఇంధనంలో పునరుత్పాదక వాటా పెంచాలని నిర్దేశించినప్పుడు పామాయిల్ వంటి నూనెలు కూడా ఆ లెక్కలో చేరాయి. అడవులు కొట్టి తోటలు వేయడం వల్ల వెలువడే కర్బనాన్ని పరిగణిస్తే లాభం ఆవిరైపోతుందని విమర్శలు రాగా, 2018లో సవరించిన ఆదేశం అలాంటి ఇంధనాలను 2030 నాటికి తొలగించాలని నిర్ణయించింది. నరికిన అడవి ఆదేశం సవరించగానే తిరిగి మొలవదు కదా. స్ట్రాటోస్ఫియర్‌లో గంధక కణాలు చల్లి భూమిని చల్లబరచాలన్న ప్రతిపాదనను ఇంతకంటే గట్టి అనుమానంతో చూస్తాను. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి తాత్కాలికంగా దాదాపు అర డిగ్రీ చల్లబడిన మాట నిజం. కానీ ఆ కణాలు ఒకటి రెండేళ్లలో రాలిపోతాయి. చల్లడం మొదలుపెట్టి కొన్ని దశాబ్దాల తర్వాత ఏ యుద్ధం వల్లనో ఆపవలసి వస్తే, దాచిన వేడంతా కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది.

కాబట్టి ప్రతి చర్య దగ్గరా నేను వేసుకునే ప్రశ్న, మన అంచనా తప్పితే దీన్ని ఎంత ఖర్చుతో దిద్దుకోగలం అన్నది. చమురు, గ్యాస్ బావుల వద్ద లీకయ్యే మీథేన్‌ను అరికట్టడం ఈ కొలతకు చక్కగా నిలుస్తుంది. ఆ వాయువు గాలిలో ఉండేది పన్నెండేళ్ల పాటే అయినా, ఇరవై ఏళ్ల లెక్కలో టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్ల వరకు వేడెక్కిస్తుంది; పట్టుకున్న గ్యాస్ అమ్ముకోవచ్చు కూడా. భవనాల్లో, మోటార్లలో విద్యుత్ వృథాను తగ్గించడం, కొత్త బొగ్గు కేంద్రాలకు అనుమతులు ఇవ్వకపోవడం, కర్బనంపై చిన్న ధరతో మొదలుపెట్టి నిర్ణీత సమీక్షలతో పెంచడం కూడా ఈ కోవలోవే. భూతాపం ముప్పు అనుకున్నదానికంటే చిన్నదని తేలితే పన్ను తగ్గించవచ్చు, కేంద్రం అప్పుడు కట్టవచ్చు. పోయేది కొంత సొమ్ము, గాలి శుభ్రపడిన మేరకు అందులోనూ కొంత తిరిగి వస్తుంది. సముద్ర మట్టం విషయంలోనూ ఇదే పద్ధతి. 2100 నాటికి పెరుగుదల ఉద్గారాలను బట్టి సుమారు 0.28 నుంచి 1.01 మీటర్ల మధ్య ఉండే అవకాశం ఉందని, మంచు పలకలు అనూహ్యంగా ప్రవర్తిస్తే 2 మీటర్ల దాకా పోవడాన్నీ తోసిపుచ్చలేమని ఆరవ నివేదిక చెప్పింది. ఇలాంటప్పుడు ఒకేసారి రెండు మీటర్ల గోడ కట్టనక్కరలేదు. అర మీటరుకు చాలిన గోడను, అవసరమైతే మరింత ఎత్తు మోయగల పునాది మీద కట్టి, కొలతలు ఫలానా గీత తాకితే ఫలానా పని మొదలవ్వాలని ముందే రాసిపెట్టుకోవాలి. లండన్‌ను వరదల నుంచి కాపాడే థేమ్స్ నది ముఖద్వార ప్రణాళిక ఈ తీరులోనే తయారైంది.

ఇతర దేశాలు చేయనప్పుడు మనమెందుకు, ఎవరి వాటా ఎంత అనే ప్రశ్నలను ఈ చర్చలోకి లాగకపోవడం మంచిది. అవి న్యాయానికి, పరస్పర నమ్మకానికి సంబంధించిన నిజమైన ప్రశ్నలే, వాటి మీద వేరే చర్చ అవసరం. శాస్త్రంలో సందేహం ఉంది గనుక అని మొదలుపెట్టి మధ్యలో ఆ వాదనకు జారిపోతే రెండూ తేలవు.

ఏం తెలిస్తే నా అభిప్రాయం మారుతుందని మీరు అడగవచ్చు, అది అడగదగినదే. వాతావరణ సున్నితత్వం 1.5 డిగ్రీల లోపేనని స్వతంత్రమైన పలు ఆధారాలు కలిసి చూపితే, వేగం తగ్గించమంటాను. అయితే అది 1.5 కంటే ఎక్కువేనన్నది దాదాపు నిశ్చయమని ఆరవ నివేదిక ఇప్పటికే తేల్చింది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేల కోట్ల టన్నుల మేరకు చౌకగా తీసి, శాశ్వతంగా నిల్వచేయగల పద్ధతి ఆచరణలో రుజువైతే కూడా ఆగడానికయ్యే ధర తగ్గుతుంది, అప్పుడు పైన వేసిన పదేళ్ల లెక్కను తిరగరాయవలసి ఉంటుంది. ఈ రెంటిలో ఒక్కటైనా జరిగితే నేను ప్రతిపాదించిన పన్నును, అనుమతుల నిలుపుదలను తర్వాతి సమీక్షలోనే సడలించవచ్చు. ఆగుదామనేవారిని కూడా ఇదే అడగండి: ఏ కొలత, ఏ సంవత్సరానికి, ఎంత దాటితే మీరు చర్యకు ఒప్పుకుంటారు? దానికి అంకెలతో జవాబిచ్చినవారితో చర్చ కొనసాగించవచ్చు, వారి అంకె నా అంకెకు ఎంత దూరంలో ఉన్నా సరే.